కోపం వచ్చినప్పుడు లీడర్ ఏం చేయాలి? కాంటా దగ్గర నేర్చుకున్న పద్ధతి, మెట్టు మెట్టుగా

సంఘం లీడర్లు, వార్డు మెంబర్లు, గుంపు మేస్త్రీలు, మిల్లుల్లో సూపర్‌వైజర్లు, ఒకరిద్దరు హెడ్‌మాస్టర్లు కూడా. వీళ్లందరూ అడిగేది ఒకటే: "అక్కా, కోపం ఆపుకునుడెట్ల?" ప్రతిసారీ ఫోన్లో సగం చెప్పి వదిలేస్తున్నా. అందుకే మొత్తం ఒక్కచోట, చేయాల్సిన వరుసలో రాస్తున్నా.

నేను నల్లగొండ జిల్లాలో గ్రామ సమాఖ్య (ఊరి మహిళా పొదుపు సంఘాలన్నీ కలిసిన సంఘం) ప్రెసిడెంటుగా ఐదు సీజన్లు ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రం నడిపించా. రైతుల వడ్లు కాంటా వేసి, అంటే తూకం వేసి, ప్రభుత్వం తరఫున కొనే చోటది. ఉదాహరణలు చాలావరకు అక్కడివే. మీది బడైనా, సైటైనా వరుస మారదు.

పేదవాని కోపం పెదవికి చేటంటారు. లీడర్ కోపం అట్ల కాదు. లీడర్ పెదవి బాగానే ఉంటుంది, కింద పనిచేసేవాళ్ల పరువు, కూలి పోతాయి. అందుకే ఇందులో మొదటి మూడు మెట్లూ కోపం రాకముందు చేసుకునే పనే. వాన మొదలయ్యాక టార్పాలిన్ కొననీకి నల్లగొండ బస్సెక్కితే కుప్ప తడవకుండా ఉంటుందా?

## 1. పది రోజులు చిట్టా రాయండి

చిన్న నోట్‌బుక్ చాలు. కోపం వచ్చిన ప్రతిసారీ, తగ్గాక, ఐదు ముక్కలు రాయండి:

- ఎన్ని గంటలకు వచ్చింది
- ఎవరి మీద చూపించాను
- అంతకు పావుగంట ముందు ఏం జరిగింది
- చివరిసారి ఎప్పుడు తిన్నాను, రాత్రి ఎంతసేపు పడుకున్నాను
- నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏది

అన్నిట్లో మూడోది ముఖ్యం. అదే అందరూ వదిలేస్తారు.

నా చిట్టా చూసుకుంటే ఎక్కువ కోపాలు మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు లోపలే ఉన్నాయి. రైతుల మీద తక్కువ. ట్యాబ్‌లో ఎంట్రీ చేసే పిల్ల మీద, హమాలీల మీద, సాయంత్రం ఇంట్లో పిల్లల మీద ఎక్కువ. వాటికి పావుగంట ముందు ఏముందని చూస్తే దాదాపు ప్రతిచోటా ఒకటే రాసుంది: పైనుంచి ఫోన్. "ఇంకా ఎన్ని బస్తాలున్నయి, లారీ ఎందుకు పోలే" అని వాళ్లు గట్టిగా అడుగుడు, నేను "సార్, సార్" అని పెట్టేసుడు, పెట్టేసిన మరుక్షణం పక్కనున్నోళ్ల మీద విరుచుకుపడుడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అన్న సామెత మనమే పదిమందికి చెప్తాం. నా చేతిరాతలోనే అది కనబడ్డప్పుడు మాత్రం నోరు పెగల్లేదు.

చిట్టా చూశాక ఏం మార్చాలి:

- కోపాలు ఆకలి వేళకు వస్తుంటే, తిండి ముందుకు జరపండి. నేను పదకొండున్నరకే సద్ది విప్పడం మొదలుపెట్టా. షుగర్ మందులు వేసుకునేవాళ్లు ఇది అసలు దాటవేయొద్దు. షుగర్ పడిపోతే వచ్చే గుర్తుల్లో చిరాకు ఒకటి.
- ఫోన్ల తర్వాత వస్తుంటే, ఫోన్ పెట్టేశాక ఐదు నిమిషాలు ఎవరితోనూ పని మాట్లాడొద్దు. నేను చివరి కుప్ప దాకా నడిచి వచ్చేదాన్ని.
- ఒకే మనిషి మీద మళ్లీ మళ్లీ వస్తుంటే, అది కోపం సంగతి కాదు. ఆ మనిషితో కూర్చుని తేల్చుకోని పనేదో ఉంది. ఏడో మెట్టు చూడండి.
- నిద్ర తక్కువైన రోజుల్లోనే వస్తుంటే, ఆ రోజు పెద్ద పంచాయితీలు పెట్టుకోకండి.

## 2. మీ ఒంటి గుర్తు పట్టండి, మీ "తువ్వాల" వెతుక్కోండి

కోపం నోటికి రాకముందు ఒంటికి వస్తుంది. నాకు చెవులు వేడెక్కుతాయి, మాటకు ముందు "ఏయ్" వస్తుంది. కొందరికి దవడ బిగుస్తుంది, కొందరికి గొంతు సన్నబడుతుంది. మీ గుర్తు మీకు తెలియకపోతే ఇంట్లోవాళ్లని అడగండి. వాళ్లకు ఎప్పట్నుంచో తెలుసు.

గుర్తు కనబడ్డ క్షణంలో చేతులకు ఏదో ఒక పని ఇవ్వాలి. ఇది నేను మా మేనబావ దగ్గర నేర్చుకున్నా. ఆయన పాలమూరు దిక్కు గుంపు మేస్త్రీ, మనుషులను తీసుకుని హైదరాబాద్, పుణె సైట్లకు పోతాడు. సెంట్రింగ్ తప్పు కొట్టారని తెలిస్తే వెంటనే నోరు తెరవడు. తల మీది తువ్వాల విప్పుతాడు. రెండుసార్లు దులుపుతాడు. మడత సరిచేసి మళ్లీ చుట్టుకుని, కొస లోపలికి దోపుకుంటాడు. అప్పుడు అడుగుతాడు: "కొలత ఎవరు చెప్పిన్రు?" చాలా రోజులు అది ఆయన అలవాటనుకున్నా. ఒకసారి అడిగితే, "కొస దోపేదాక నోరు తెరువొద్దని పెట్టుకున్న, లేకుంటే ఈ గుంపు నా దగ్గర నాలుగు దినాలుండదు" అన్నాడు.

మీకూ అట్లాంటిదొకటి కావాలి. కొంగు దోపుకోవడం, కళ్లద్దాలు తుడవడం, బాటిల్ మూత తిప్పి మూడు గుక్కలు తాగడం, ఏదైనా సరే. ఎంచుకునేటప్పుడు ఇవి చూడండి:

- 20, 30 సెకన్లు పట్టాలి
- రెండు చేతులూ దానిలో ఉండాలి
- ఎదుటివాళ్లకు అవమానంగా కనబడొద్దు (ఫోన్ తీసి చూసుకోవడం అవమానమే, పైగా అందులో ఇంకో కోపం ఉంటుంది)
- ఎండలోనైనా, మీటింగులోనైనా చేయగలగాలి

కోపం లేనప్పుడే రోజుకు నాలుగైదుసార్లు చేసి అలవాటు చేసుకోండి. అవసరమొచ్చినప్పుడు చేద్దాంలే అనుకుంటే అప్పుడు గుర్తుకే రాదు.

## 3. మూడు మాటలు, ఒక మనిషి

కోపంలో కొత్త మాటలు పుట్టవు, పాత తిట్లే వస్తాయి. అందుకే మాటలు ముందే తయారు పెట్టుకోవాలి. నావి ఇవి:

- "నాకు ఇప్పుడు కోపంగ ఉంది. పది నిమిషాలాగి కూసుందాం."
- "మొదట్నుంచి చెప్పు, నడుమ నేను మాట్లాడ."
- "ఇది ఇయ్యాల తేలదు. రేపు పొద్దుగాల తొమ్మిదింటికి చెప్త."

మొదటి మాట అనడానికి చాలామంది సిగ్గుపడతారు. కోపంగా ఉందని చెప్తే చులకనవుతామని భయం. నిజానికి మీకు కోపమొచ్చిందని ఎదుటివాళ్లకు ముందే తెలుసు. పేరు పెట్టి చెప్తే మీకే కొంత తేలికవుతుంది. ఒక్క షరతు: పది నిమిషాలంటే పది నిమిషాలకు తిరిగి రావాలి. రాకపోతే అది తప్పించుకోవడమే. రెండోసారి ఎవరూ నమ్మరు.

ఇక మనిషి. మీ పక్కన పనిచేసేవాళ్లలో మీకు భయపడని ఒకరిని ఎంచుకోండి. ఒక గుర్తు మాట ఇవ్వండి. మా సెంటర్‌లో అది "అక్కా, మాయిశ్చర్ మిషన్ జర చూడు" (వడ్లలో తేమ కొలిచే మిషన్). ఆ మాట వినపడితే లేచి పోవాల్సిందే, "నాకేం కోపం లేదు" అని వాదించొద్దు. నేను మొదటి వారం రెండుసార్లు వాదించా. రెండుసార్లూ మిషన్ దగ్గరికి పోయుంటే బాగుండేది.

ముందు రోజు రాత్రి చూసుకునే చెక్‌లిస్టు:

☐ రేపు ఎక్కడ గొడవ వచ్చే అవకాశముందో అనుకున్నాను (లారీ, మీటింగు, కూలి పంపకం)
☐ నీళ్లు, తిండి ఏర్పాటు ఉంది (మే నెల మా దిక్కు ఎండ 44 దాటుతుంది, ఇది చిన్న విషయం కాదు)
☐ మూడు మాటలు నోట్లో ఉన్నాయి
☐ పక్క మనిషి రేపు వస్తున్నారు
☐ నిన్నటి గొడవ ఏదైనా తేలకుండా మిగిలితే, రేపు మొదట దానితోనే మొదలుపెడతాను

## 4. కోపం వచ్చిన ఆ నిమిషం

వరుస ఇదీ:

1. ఒంటి గుర్తు పట్టండి. మనసులో "వచ్చింది" అనుకోండి.
2. నిలబడి ఉంటే కూర్చోండి. కూర్చునే చోటు లేకపోతే ఒక అడుగు వెనక్కి వేయండి. దగ్గరికి మాత్రం జరగొద్దు.
3. మీ "తువ్వాల" పని చేయండి.
4. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో ఊపిరి తీసి, ఆరేడు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. ఐదారుసార్లు. తీసేదానికంటే వదిలేది పొడుగ్గా ఉండాలి, అప్పుడే గుండె వేగం తగ్గుతుంది.
5. తర్వాతే నోరు తెరవండి, మూడు మాటల్లో ఒకటి అనండి.

ఊపిరి దగ్గర జరిగే తప్పు: గబగబా, ఛాతీ పొంగేట్టు పీల్చడం. దానితో తల తిరుగుతుంది, కోపం తగ్గదు. చప్పుడు వినపడేట్టు ఊపిరి వదలడం ఇంకో తప్పు. ఎదుటివాళ్లకు అది విసుక్కున్నట్టే ఉంటుంది.

"కడుపులోది కక్కేస్తే తేలికైతది" అని చాలామంది నమ్ముతారు. నేనూ నమ్మేదాన్ని. 2024లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 154 అధ్యయనాలను, పదివేల మందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూశారు. ఒంటి వేడిని తగ్గించే పనులు, అంటే నెమ్మది ఊపిరి, ధ్యానం, కండరాలు వదులు చేసుకోవడం లాంటివి కోపాన్ని తగ్గించాయి. అరవడం, దిండును గుద్దడం లాంటివి తగ్గించలేదు. పరుగెత్తడం కోపాన్ని పెంచే వైపే ఉంది. అందుకే కుప్పల వెంట నడిచేటప్పుడు నెమ్మదిగా నడవండి. విసవిసా నడిస్తే పోయిన కోపం మీతోనే తిరిగొస్తుంది.

## 5. అడిగే వరుస

యాసంగి వడ్లు, మే మొదటివారం. రాత్రి వాన పడింది, పొద్దున మళ్లీ మబ్బు. ఒక పెద్దాయన పిడికెడు వడ్లు తెచ్చి నా రిజిస్టర్ మీద పోశాడు. కొన్ని గింజలకు తెల్లటి మొలక ముక్కు బయటికొచ్చింది.

"మూడు దినాలాయె. మీ తెలిసినోళ్లయి కాంటెక్కుతయి, మాయి మొలకలెత్తాలె. ప్రెసిడెంటు లెక్క గిట్లనే ఉంటదా?"

చుట్టూ ముప్పై మంది. నా చెవులు వేడెక్కాయి. తెలిసినోళ్లకు ముందు కాంటా వేశానన్న నింద నేను పడలేను. రిజిస్టర్ విప్పి, గొంతు లేపి, అందరి ముందర ఆయన నోరు మూయించొచ్చు. ఎవరి తర్వాత ఎవరో సీరియల్ రాసే ఉంది. కొంగు దోపుకున్నా, కూర్చున్నా, ఆయనకూ కుర్చీ వేయించా.

"మొదట్నుంచి చెప్పు పెద్దయ్యా, నడుమ మాట్లాడ."

చెప్తుంటే తేలింది. మొదటి రోజు ఆయన కుప్ప మాయిశ్చర్ 19 శాతం చూపింది. 17 దాటితే తీసుకోలేం కాబట్టి ఆయన్ను పక్కన పెట్టి, వెనకున్న రెండు కుప్పలు కాంటా వేశారు. పద్ధతి ప్రకారం తప్పేం లేదు. కానీ ఎందుకు దాటేశారో ఆయనకు ఎవరూ చెప్పలేదు. చూసేవాళ్లకు అది నా వాళ్లకు ముందు వేసినట్టే ఉంది.

ఆయన వడ్లు తిరగబోసి, ఆరబెట్టి, సాయంత్రం మళ్లీ మిషన్ పెడితే 17 వచ్చింది, మరునాడు పొద్దున కాంటా ఎక్కింది. మేము ఆ రోజే ఒక బోర్డు పెట్టాం: సీరియల్, మాయిశ్చర్, ఆపితే ఎందుకు ఆపాం. ఆ సీజన్లో ఆ గొడవ మళ్లీ రాలేదు. రిజిస్టర్ చూపించి నెగ్గి ఉంటే బోర్డు పుట్టేది కాదు.

అడగాల్సిన వరుస:

1. ఏం జరిగింది?
2. ఎప్పట్నుంచి?
3. ఇప్పుడు నీకేం కావాలె?
4. ఇందులో నా చేతిలో ఉన్నదేంది, లేనిదేంది? (ఇది మీరు చెప్పాలి, వాళ్లను అడిగేది కాదు)

"ఎందుకు" అన్న మాట చివరికి దాచుకోండి. "ఎందుకు చేయలే?" అనేది మన నోట ప్రశ్నలా రాదు, తిట్టులా వస్తుంది. "ఎట్ల జరిగింది?" అంటే అదే సమాధానం వస్తుంది, గొడవ లేకుండా.

## 6. ఆపాల్సినవి, ఆపకూడనివి

కోపంగా ఉన్న రోజు ఈ నిర్ణయాలు తీసుకోవద్దు, కనీసం ఒక రాత్రి దాటనివ్వండి: ఎవరినైనా పనిలోంచి తీసేయడం, కూలి కోయడం, పైవాళ్లకు ఫిర్యాదు రాయడం, వాట్సాప్ గ్రూపులో పెట్టడం, పదిమందిలో "ఇక నుంచి ఇట్లనే" అని ప్రకటించడం. ఫిర్యాదు రాయకుండా ఉండలేకపోతే కాగితం మీద రాయండి, సంతకం పెట్టకండి. పొద్దున లేచి చదివితే సగం కొట్టేస్తారు.

ఆపకూడనిది ఒక్కటే: ఎవరి ప్రాణం మీదికైనా వచ్చినప్పుడు వేసే కేక. లారీ వెనక్కి వస్తుంటే దాని వెనక పిల్లాడున్నాడు, బస్తాల దొంతర ఒరుగుతోంది, అక్కడ తువ్వాల విప్పుకుంటూ కూర్చోరు. అరవండి. తర్వాత "భయపడి అరిచిన" అని ఒక్కమాట చెప్పండి, చాలు.

## 7. మందలించాల్సి వస్తే

నెమ్మది అంటే తప్పును వదిలేయడం కాదు. మందలింపుకు పద్ధతుంది:

- ఒంటరిగా, కూర్చుని, అదే రోజు లేదా మరునాడు. వారం దాటితే పాతపగలాగా వినపడుతుంది.
- ఒక్క తప్పు మాత్రమే. పోయిన వానాకాలం సంగతులు తవ్వొద్దు.
- జరిగింది, దానివల్ల నష్టం, ఇకముందు ఏం కావాలో, ఈ మూడే చెప్పండి.
- చివర ఆగండి. వాళ్లు చెప్పేది వినాలి.

ఇట్ల అనొద్దు: "నీకెన్నిసార్లు చెప్పాలె? బుర్ర ఉందా?"

ఇట్ల అనండి: "నిన్న రెండు ట్రక్ షీట్లల్ల బస్తాల లెక్క తప్పుంది. మిల్లుకాడ లారీ ఆగింది. ఇకనుంచి లారీ కదలకముందు నువ్వు, హమాలీ మేస్త్రీ ఇద్దరూ లెక్క చూసి సంతకం పెట్టున్రి. దీంట్ల నీకు ఇబ్బందేమన్న ఉందా?"

కులం, ఇల్లు, అమ్మానాన్న, ఒంటి తీరు, ఇవి ఎంత కోపంలోనైనా నోటికి రాకూడదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 కింద, ఎస్సీ, ఎస్టీ కాని వాళ్లు ఎస్సీ, ఎస్టీ వాళ్లను నలుగురిలో కులం పేరుతో తిట్టడం నేరం. చట్టం లేకపోయినా ఆ మాట అన్న లీడర్‌ను ఊరు మరచిపోదు.

## 8. నోరు జారాక

నేను జారిన సంగతి చెప్తా. ట్యాబ్ ఎంట్రీ చేసే పిల్ల ఒక రైతు బ్యాంకు ఖాతా నంబరు ఒక అంకె తప్పు కొట్టింది. డబ్బు పడలేదు. ఆయన వచ్చి అడిగాడు. నేను ఆ పిల్లను నలభై మంది ముందర, "చదువుకున్నవా, గాడిదలు కాసినవా" అన్నా. ఆ పిల్ల ట్యాబ్ నా టేబుల్ మీద పెట్టి, చెప్పులేసుకుని పోయింది. మూడు రోజులు రాలేదు. ఆ మూడు రోజుల ఎంట్రీలు ఆగాయి, ఎంతోమంది రైతుల డబ్బులు వెనకబడ్డాయి. ఒక్క అంకె తప్పుకు ఆ పిల్లను అన్నా. నా తప్పుకు ఎన్ని అంకెలో?

క్షమాపణ అడగడానికి ఇంటికి పోయా. వాళ్లమ్మ చాయ్ పోసింది. ఆ పిల్ల ఒకటే అంది: "తిట్టింది అందరి ముందల, సారీ మా ఇంట్ల చెప్తున్నవక్కా." నిజమే కదా. మరునాడు సెంటర్‌లో, అందరూ ఉన్నప్పుడు చెప్పా. మాట గొంతులోంచి రావడం ఎంత కష్టమైందో అప్పుడు తెలిసింది.

అందుకని:

1. 24 గంటలు దాటనివ్వకండి.
2. తిట్టినచోటే, విన్నవాళ్ల ముందే చెప్పండి.
3. అన్న మాటను పేరు పెట్టి చెప్పండి: "నిన్న గాడిదలు కాసినవా అన్న, అది తప్పు."
4. "కానీ" వాడొద్దు. "తప్పే కానీ నువ్వు కూడా" అంటే అది రెండో తిట్టు.
5. పని తప్పు గురించి ఆ రోజు మాట్లాడొద్దు. ఇంకో రోజు, ఏడో మెట్టు ప్రకారం.
6. వెంటనే మామూలుగా మాట్లాడాలని ఆశించొద్దు. టైం వాళ్లది.

## 9. తరచూ జరిగే తప్పులు, సవరణలు

నవ్వుతూ మింగేయడం. పగలంతా మింగి రాత్రి ఇంట్లో కక్కుతారు. సవరణ: మింగకండి, పేరు పెట్టి చెప్పండి, టైం అడగండి.

ఎత్తిపొడుపు. "మీరు పెద్దోళ్లు కదా, మీకు చెప్పేటోళ్లమా" లాంటివి. గొంతు లేవలేదు కాబట్టి కోపం కాదనుకుంటారు. తిట్టుకంటే ఎక్కువ రోజులు గుచ్చుకుంటుంది. సవరణ: ఏం కావాలో సూటిగా అడగండి.

మాట మానేయడం. వారం రోజులు మొహం తిప్పుకోవడం శిక్షే. సవరణ: పని మాటలైనా ఆపకండి.

శాంతం పేరుతో నిర్ణయం వాయిదా. ఇది ఎవరూ చెప్పరు, నేను చూశా. ఎప్పుడూ కోపం రాని లీడర్, ఎప్పుడూ ఏదీ తేల్చని లీడర్ కొన్నిసార్లు ఒకే మనిషి. సవరణ: వాయిదా వేస్తే తేదీ, గంట చెప్పండి.

ఆడవాళ్లకు ఒక మాట. మగ లీడర్ అరిస్తే గట్టిమనిషంటారు, మనం అరిస్తే గయ్యాళంటారు. అన్యాయమే. దానికని మెత్తగా నవ్వుతూ కూర్చోమని చెప్పను. గొంతు తగ్గించి, వాక్యం చిన్నది చేసి, అదే మాట రెండుసార్లు చెప్పండి. "లారీ లెక్క తేలేదాక కదలదు. కదలదు." ఎవరూ గయ్యాళి అనలేదు, లారీ కూడా కదల్లేదు.

## 10. ఎప్పుడు బయటి సాయం తీసుకోవాలి

చేయి లేస్తుంటే, వస్తువులు విసురుతుంటే, తాగినప్పుడే కోపం వస్తుంటే, కోపంలో ఏం చేశారో తర్వాత గుర్తుండకపోతే, ఇంట్లో పిల్లలు మీ అడుగుల చప్పుడుకే మౌనమైపోతుంటే, ఈ చిట్టాలు సరిపోవు. డాక్టరును కలవండి. టెలీ మానస్ (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం) నంబరు 14416. ఉచితం, రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

రోజూ పడుకునే ముందు నోట్‌బుక్‌లో చూసుకునే చీటీ:

☐ ఇయ్యాల కోపం ఎన్నిసార్లు వచ్చింది, ఎన్నిసార్లు కొస దోపాక మాట్లాడాను
☐ ఎవరికైనా టైం చెప్పి తిరిగి పోలేదా
☐ ఎవరి ముందరైనా నోరు జారిందా, వాళ్లు రేపు ఎక్కడుంటారు
☐ పైనుంచి వచ్చిన ఫోన్ ఎవరి మీద పడింది
☐ రేపు పొద్దున మొదట ఎవరితో మాట్లాడాలి